పద్దులో ఉన్నదే పోతుంది

2025 నవంబరు 23న పుట్టపర్తిలో సత్యసాయిబాబా శతజయంతి జరిగింది. చిత్రావతి ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరికి ఏటా ఆ వారంలో దేశదేశాల నుంచి జనం వస్తారు. బస్టాండూ, రైల్వే స్టేషనూ, మందిరం వీధీ కిటకిటలాడతాయి. అదే రోజు కంటికి కనబడని రద్దీ మరొకటి ఉంటుంది. రాలేకపోయినవాళ్లు ఉత్సవం వీడియో కోసం, భజనల కోసం ఎక్కడివాళ్లక్కడ ఫోన్లూ కంప్యూటర్లూ తెరుస్తారు. ఇక్కడి రేడియో సాయి 2001 నవంబరు 23న మొదలైనప్పుడు దాని ప్రసారం వరల్డ్‌స్పేస్ ఉపగ్రహం మీదుగా వెళ్లేది. ఉపగ్రహం కింద వినేవాళ్లు నూరుమందైనా లక్షమందైనా పంపేవాళ్ల మీద పడే భారం ఒకటే. 2008లో వరల్డ్‌స్పేస్ దివాలా తీసింది. ఇలాంటి ప్రసారాలకు ఇప్పుడు దారి ఇంటర్నెట్. అక్కడి లెక్క వేరు. అడిగిన ప్రతి మనిషికీ ఒక్కో ప్రతిని విడివిడిగా పంపాలి.

ఆ లెక్క వేసి చూద్దాం. ఒక గిగాబైట్ వీడియో, దాన్ని కోరే పదివేల మంది, సెకనుకు 100 మెగాబిట్లు పంపగల ఒక సర్వరు ఉన్నాయనుకుందాం. పంపాల్సిన మొత్తం 10 టెరాబైట్లు, అంటే 80 లక్షల కోట్ల బిట్లు. సర్వరు క్షణం ఆగకుండా పంపినా 8 లక్షల సెకన్లు పడుతుంది. తొమ్మిది రోజులు దాటుతుంది. పండగ అయిపోయి, వచ్చిన జనం ఇళ్లకు చేరిపోయినా వరసలో చివరివాడికి వీడియో అందదు.

ఇప్పుడు ఆ పదివేల మందీ తమకు అందిన ముక్కను ఇంకొకరికి పంపడానికి ఒప్పుకున్నారనుకుందాం. ఒక్కొక్కరు సెకనుకు 5 మెగాబిట్లు పంపగలిగితే చాలు, సర్వరుతో కలిపి పంపే శక్తి సెకనుకు 50,100 మెగాబిట్లవుతుంది. అన్నీ సవ్యంగా సాగితే పదివేల ప్రతులూ 27 నిమిషాల్లో చేరతాయి. నిజంలో అన్నీ సవ్యంగా సాగవు. మొదటి ముక్కలు పాకడానికి కొంత సమయం పడుతుంది, కొందరు తమ పని కాగానే వెళ్లిపోతారు. రెండు గంటలే పట్టిందనుకుందాం. తొమ్మిది రోజులెక్కడ, రెండు గంటలెక్కడ! సర్వరు పద్ధతిలో కొత్తగా వచ్చిన ప్రతి మనిషీ భారం. ఈ పద్ధతిలో అతను భారమూ, సాయమూ కూడా.

ఈ ఆలోచనకు పనిచేసే రూపం ఇచ్చినవాడు అమెరికన్ ప్రోగ్రామర్ బ్రామ్ కోహెన్. 2001 జులైలో బిట్‌టొరెంట్‌ను బయటపెట్టాడు. ఫైలును చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ ఒక హ్యాష్, అంటే గణితంతో తీసిన వేలిముద్ర, ముందే రాసి ఉంచుతారు. ముక్క ఎవరి దగ్గర్నుంచి వచ్చినా దాని వేలిముద్ర సరిపోతేనే తీసుకుంటారు. పంపినవాడు ఎవరో తెలియనక్కర్లేదు, వాడిని నమ్మనూ అక్కర్లేదు. గుంపులో ఏ ముక్క అందరికంటే తక్కువమంది దగ్గర ఉందో దాన్ని ముందు తెచ్చుకోవడం ఒక నియమం. అరుదైన ముక్క ఉన్న ఒక్క మనిషీ వెళ్లిపోతే ఫైలు ఎవరికీ పూర్తికాదు కాబట్టి ఈ జాగ్రత్త. తనకు బాగా పంపుతున్నవాళ్లకే తానూ పంపడం ఇంకో నియమం. దాంతోపాటు ముప్పై సెకన్లకోసారి బిట్‌టొరెంట్ ఎవరో ఒక కొత్తవాడికి కూడా అవకాశం ఇస్తుంది. ఏమీ లేకుండా వచ్చినవాడికి మొదటి ముక్క దొరకాలంటే అదే దారి.

పుట్టపర్తి, బుక్కపట్నం, కొత్తచెరువు ప్రాంతంలో చదువుకునే పిల్లలకు ఇందులో ఇంకో ప్రయోజనం ఉంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ లేనివాళ్లకు ఫోన్ డేటానే ఆధారం. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాను ఉన్న విద్యార్థి ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చుకోవాలంటే, 24.04 వెర్షన్ ఇన్‌స్టాలర్ ఫైలే దాదాపు 6 గిగాబైట్లు. బ్రౌజర్‌లో మొదలుపెట్టిన డౌన్‌లోడ్ మధ్యలో తెగితే మళ్లీ మొదటికి రావడం మామూలే. టొరెంట్‌లో అలా కాదు. ఈ రోజు వచ్చిన ముక్కలు వచ్చినట్టే ఉంటాయి. కరెంటు పోయినా, డేటా అయిపోయినా, రేపు మిగిలిన ముక్కల నుంచే మొదలవుతుంది. నాలుగైదు రోజుల్లో ఫైలు చేతికొస్తుంది, అదీ ఒక్క బిట్ తేడా లేకుండా. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పైకి పంపేది కూడా అదే ఒకటిన్నర జీబీలోంచి ఖర్చవుతుంది. కాబట్టి అప్‌లోడ్ వేగానికి సెట్టింగ్స్‌లో పరిమితి పెట్టుకోవాలి.

డెబియన్, ఉబుంటు లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు తమ డిస్క్ ఇమేజ్‌లను టొరెంట్లుగా స్వయంగా ఇస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి తన నిధిని టొరెంట్లలోనూ అందిస్తోంది. అందులో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలున్నాయి. ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. మనదేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. కదిరి దగ్గరి కటారుపల్లెలో సమాధి ఉందని చెప్పుకునే వేమన పద్యాలు, 1829లో సి.పి. బ్రౌన్ అచ్చువేయించిన సంపుటి సహా, అందరి సొత్తు. పుట్టపర్తి ఊరినే ఇంటిపేరుగా మోసిన పుట్టపర్తి నారాయణాచార్యులు 1990లో కన్నుమూశారు. ఆయన రచనల మీద హక్కులు 2050 చివరి దాకా ఉంటాయి. కొత్త సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. బిట్‌టొరెంట్ దొంగతనపు పనిముట్టు కాదు. దాంతో దొంగతనం చేయవచ్చు, చేస్తున్నారు కూడా. ఆ రెండింటికీ తేడా తెలిసినవాళ్లు ఈ పనిముట్టును వదులుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం, పనయ్యాక తీసేయడం ఎలా జరుగుతాయి? తెచ్చుకోవడం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. తీసేయడం గురించి రాసినవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఒక ఆపరేటింగ్ సిస్టమ్ గుణం రెండోదానిలోనే తేటగా కనిపిస్తుంది.

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి ప్రకటించాడు. దాని అడుగున పనిచేసే డీపీకేజీ అనే పనిముట్టుకు తొలి రూపం ఇచ్చిందీ అతనే. సాఫ్ట్‌వేర్ అక్కడ ప్యాకేజీ రూపంలో వస్తుంది. ప్యాకేజీ అంటే రెండు మూటలు కలిపి కట్టిన ఒక ఫైలు. ఒక మూటలో డిస్కు మీద పరచాల్సిన ఫైళ్లుంటాయి. రెండో మూటలో సమాచారం ఉంటుంది: ప్యాకేజీ పేరు, వెర్షను, ఇది నడవాలంటే ఇంకా ఏమేం ఉండాలి, పెట్టే ముందూ పెట్టాకా తీసే ముందూ తీశాకా ఏమేం చేయాలి. తీసేసేటప్పుడు చేయాల్సిన పనులు పెట్టేటప్పుడే కంప్యూటర్‌కు అందుతాయన్నమాట. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది.

బిట్‌టొరెంట్ నడిపే సాఫ్ట్‌వేర్‌లలో ట్రాన్స్‌మిషన్ అనేది పేరున్నది. 2005లో పుట్టింది. ఉబుంటులో 2008 ఏప్రిల్ నుంచి చాలా ఏళ్లు దాన్ని ముందే పెట్టి ఇచ్చారు. డెబియన్‌లో అది కావాలంటే టెర్మినల్ తెరిచి 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ట్రాన్స్‌మిషన్' అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే చాలు. ఆప్ట్ అనేది డీపీకేజీ పైన కూర్చుని అవసరాలు చూసే పెద్దమనిషి. 1999లో వచ్చిన డెబియన్ 2.1 నుంచి ఉంది. అది ముందు తన జాబితా చూస్తుంది. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12 జాబితాలో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ట్రాన్స్‌మిషన్‌కు ఏ లైబ్రరీలు కావాలో, అందులో ఇప్పటికే ఏవి ఉన్నాయో, కొత్తగా ఏవి తేవాలో లెక్కగట్టి, ఇంత డౌన్‌లోడ్ అవుతుంది, డిస్కు మీద ఇంత చోటు పడుతుంది, సరేనా అని అడుగుతుంది. సరే అంటే తెస్తుంది.

తెచ్చినదాన్ని అలాగే పెట్టేయదు. డెబియన్ తన ప్యాకేజీల పట్టిక మొత్తానికి డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ పట్టికలో ప్రతి ప్యాకేజీ వేలిముద్ర ఉంటుంది. వచ్చిన ఫైలు వేలిముద్ర పట్టికలోదానితో కలవకపోతే ఆప్ట్ అక్కడే ఆగిపోతుంది. ప్యాకేజీ ఏ దేశపు సర్వరు నుంచి వచ్చినా, దారిలో ఎవరు చెయ్యి పెట్టినా తెలిసిపోతుంది. బిట్‌టొరెంట్ తన ముక్కలకు చేసేదీ ఇదే పరీక్ష. తెలియనివాళ్ల చేతుల మీదుగా వచ్చినా సరుకు అసలుదేనని తేల్చుకునే గణితం రెండుచోట్లా ఒకటే.

ఈ సంతకం విలువ తెలియాలంటే 2016 మార్చిలో జరిగింది చూడాలి. ట్రాన్స్‌మిషన్ అధికారిక సైట్‌లోనే ఎవరో చొరబడి, మ్యాక్ కంప్యూటర్ల కోసం ఉంచిన 2.90 వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను మార్చేశారు. దాన్ని దించుకున్నవాళ్ల కంప్యూటర్లలోకి కీరేంజర్ అనే రాన్సమ్‌వేర్ దూరింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం అది. అదే ఏడాది ఆగస్టులో ఇంకో మాల్‌వేర్‌తో మళ్లీ అలాగే జరిగింది. డెబియన్, ఉబుంటులలో తమ ప్యాకేజీ భాండారాల నుంచి ట్రాన్స్‌మిషన్ తెచ్చుకున్నవాళ్లకు ఈ మారిన ఇన్‌స్టాలర్ దారిలో తగల్లేదు.

అయితే సంతకం అన్నిటినుంచీ కాపాడదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి ఉందని బయటపెట్టాడు. రిమోట్ లాగిన్ ఒకటి అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి, తీగ లాగితే అది దొరికింది. ఆ దొంగదారిని పెట్టింది ఎవరో బయటివాళ్లు కాదు, ఆ ప్రాజెక్టులో కొంతకాలంగా పనిచేసి నమ్మకం సంపాదించిన మనిషి. డెబియన్ పరీక్షల దశలోని వెర్షన్లలోకి అది చక్కటి సంతకంతోనే వచ్చింది. స్థిరమైన వెర్షన్‌లోకి రాకముందే పట్టుబడింది. కోడ్ అందరికీ తెరిచి ఉండబట్టే ఒక మనిషి అనుమానం ఒక్కరోజులో ప్రపంచమంతటి హెచ్చరికగా మారింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నా నమ్మకానికి ఆధారం ఇది. తప్పులు జరగవని కాదు, జరిగిన తప్పును ఎవరైనా తవ్వి చూడగలరని.

ఇక పద్దు సంగతి. డీపీకేజీ ఒక ప్యాకేజీని పెట్టినప్పుడు డిస్కు మీద పరిచిన ప్రతి ఫైలు పేరూ ఒక జాబితాలో రాసుకుంటుంది. ప్యాకేజీకొక జాబితా. వ్యవస్థలో ఏదో ఒక ఫైలు చూపించి ఇది ఎవరిదని అడిగితే, డీపీకేజీ ఆ ప్యాకేజీ పేరు చెబుతుంది. మీరు అడిగి తెచ్చుకున్న ప్యాకేజీ ఏది, దానికి తోడుగా వచ్చిన లైబ్రరీ ఏది అన్నది కూడా ఆప్ట్ విడిగా రాసుకుంటుంది. తీసేయడం సాధ్యమయ్యేది ఈ పద్దుల వల్లనే. 'ఆప్ట్ రిమూవ్' అంటే జాబితా చూసి ఒక్కొక్క ఫైలూ తీసేస్తుంది. తర్వాత 'ఆప్ట్ ఆటోరిమూవ్' అంటే, తోడుగా వచ్చి ఇప్పుడు ఎవరికీ అక్కరలేని లైబ్రరీలూ పోతాయి.

రిమూవ్ చేశాక కూడా వ్యవస్థ స్థాయి సెట్టింగుల ఫైళ్లు ఉండిపోతాయి. అది లోపం కాదు, కావాలని పెట్టిన నియమం. రోజంతా నడిచే సర్వరు రకం ట్రాన్స్‌మిషన్‌ను పెట్టి, వేగ పరిమితులూ ఫోల్డర్లూ గంటసేపు కూర్చుని సరిచేసుకున్న మనిషి, దాన్ని ఇవాళ తీసేసి రేపు మళ్లీ పెట్టుకుంటే ఆ శ్రమ పోకూడదు. అవి కూడా వద్దనుకుంటే 'పర్జ్' అనే వేరే ఆజ్ఞ ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్న ప్యాకేజీలు డీపీకేజీ జాబితాలో 'ఆర్‌సీ' అనే రెండక్షరాల గుర్తుతో కనిపిస్తాయి. ప్యాకేజీ పోయింది, సెట్టింగులున్నాయి అని దాని భావం.

ప్యాకేజీలు నిజంగా ఇలా నడుచుకుంటున్నాయో లేదో ఎవరు చూస్తారు? డెబియన్‌లో దీనికోసమే పియుపార్ట్స్ అనే పరీక్ష ఉంది. దాన్ని మొదట రాసింది ఫిన్లాండ్‌కు చెందిన లార్స్ విర్జేనియస్. పద్ధతి తేలికే. ఏమీ లేని ఒక చిన్న వ్యవస్థను తయారుచేసి, అందులోని ఫైళ్ల జాబితా రాసుకుంటుంది. పరీక్షించాల్సిన ప్యాకేజీని పెడుతుంది, తీసేస్తుంది, పర్జ్ చేస్తుంది. మళ్లీ జాబితా రాస్తుంది. రెండు జాబితాలూ ఒకటే అయితే నెగ్గినట్టు. ఒక్క ఫైలు మిగిలినా, ఉండాల్సిన ఒక్క ఫైలు మాయమైనా ఆ ప్యాకేజీలో దోషం ఉన్నట్టు. వచ్చినదారినే, అడుగుజాడ మిగల్చకుండా వెళ్లగలవా అని ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ యంత్రంతో నిలదీయడం నాకు చాలా గొప్ప విషయంగా తోస్తుంది. మన ఫోన్లలోని ఎన్ని యాప్‌లు ఈ పరీక్షకు నిలుస్తాయో ఆలోచించండి.

పద్దు ఎంత బాగున్నా, పద్దుకెక్కనిది దానికి కనబడదు. ఒక పాఠ్యపుస్తకంలో చూసో, స్నేహితుడు చెప్పాడనో సోర్స్ కోడ్ తెచ్చి స్వయంగా కంపైల్ చేసి 'మేక్ ఇన్‌స్టాల్' అంటే ఫైళ్లు నేరుగా డిస్కు మీదికి వెళ్లిపోతాయి. డీపీకేజీకి వాటి సంగతే తెలియదు. ఆ సోర్స్ ఫోల్డరును అలాగే ఉంచుకుని, అందులో 'అన్‌ఇన్‌స్టాల్' ఏర్పాటు కూడా ఉంటేనే వెనక్కి తీయగలం. ఫోల్డరు చెరిపేస్తే ఒక్కో ఫైలూ వెతుక్కోవాల్సిందే. అందుకే కాలేజీ ల్యాబ్‌లలో ఏడాదికేడాది బరువెక్కిన కంప్యూటర్లను శుభ్రం చేయడం కంటే మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించడమే తేలిక అనుకుంటారు. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ లాంటి కొత్త పద్ధతులకు సొంత పద్దులున్నాయి. ఏ పద్దులో పెట్టామో ఆ పద్దులోనే తీయాలి. ఫ్లాట్‌ప్యాక్‌గా పెట్టినదాన్ని ఆప్ట్‌తో తీసేయమంటే అలాంటిదేదీ లేదనే జవాబే వస్తుంది.

ట్రాన్స్‌మిషన్ నడుస్తూ ఉండగానే దాన్ని తీసేస్తే ఏమవుతుంది? చాలామంది అది వెంటనే ఆగిపోతుందనుకుంటారు. ఆగదు. లినక్స్‌లో ఫైలు పేరు వేరు, డిస్కు మీద ఫైలు వేరు. పేరు ఒక డైరెక్టరీలో ఉంటుంది. అసలు ఫైలు వివరాలు ఐనోడ్ అనేదానిలో ఉంటాయి. తీసేయడం అంటే పేరును కొట్టేయడమే. ఆ ఐనోడ్‌ను ఏదో ఒక ప్రోగ్రాం ఇంకా తెరిచి ఉంచితే ఫైలు బతికే ఉంటుంది, చోటూ ఖాళీ కాదు. కిటికీ మూసేదాకా ట్రాన్స్‌మిషన్ ముక్కలు పంపుతూనే ఉంటుంది, కోటా డేటా ఖర్చవుతూనే ఉంటుంది. తీసేముందు మూయాలి. సర్వరు రకాన్ని మాత్రం ప్యాకేజీలోని 'తీసే ముందు చేయాల్సిన పని' తనే ఆపుతుంది.

పర్జ్ కూడా ముట్టనిది ఒకటుంది: మీ హోమ్ ఫోల్డరు. డెబియన్ విధానం ప్రకారం ప్యాకేజీలు వాడుకరి సొంత ఫోల్డరులో చేయి పెట్టకూడదు. సరైన నియమమే. లేకపోతే ఒక సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు నాలుగు రోజులు కూడబెట్టి తెచ్చుకున్న ఫైలు కూడా పోతుంది. కానీ దీనివల్ల ట్రాన్స్‌మిషన్ పోయాక కూడా హోమ్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డరులో దాని పేరుతో ఒక డైరెక్టరీ మిగులుతుంది. జాబితాలోంచి మీరు తీసేయని ప్రతి టొరెంటు ఫైలూ, అది ఎంతవరకు వచ్చిందన్న లెక్కా, మొత్తం ఎంత దించుకున్నారు ఎంత పంపారన్న అంకెలూ అందులో ఉంటాయి. ఒకే కంప్యూటర్‌ను ఒకే లాగిన్‌తో పదిమంది వాడే చోట, తర్వాత కూర్చున్న మనిషి దాన్ని తెరిచి చదవగలడు. ఆ డైరెక్టరీని మీరే మీ చేత్తో తీసేయాలి.

మీ కంప్యూటర్ దాటిపోయినదాని మీద ఏ ఆజ్ఞా పనిచేయదు. గుంపులో మీరున్నారని ట్రాకర్ సర్వరు రాసుకున్న గుర్తు కొద్దిసేపటికి దానంతటదే చెరిగిపోతుంది. మీరు పంపిన ముక్కలు మాత్రం అందుకున్నవాళ్ల డిస్కుల్లో ఉంటాయి, వాళ్లు ఇంకొకరికి పంపుతారు. ఉబుంటు ఇన్‌స్టాలరో, వేమన పద్యాలో అయితే అది సంతోషమే. సొంత ఫొటోలో, ఇంకెవరి పరీక్ష పత్రాలో అయితే వెనక్కి పిలవడానికి దారే లేదు. అందుకే దేన్ని టొరెంటుగా పంచుతున్నామో పంచేముందే చూసుకోవాలి. తీసేసే రోజు చూసుకుంటే ఆలస్యమైనట్టే.

తెలుగులో ఈ విద్య పెరగడానికి పునాదులు ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌నూ, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛనూ తయారుచేసింది. డెబియన్ ఇన్‌స్టాలరును తెలుగులో నడుపుకోవచ్చు. పోతన, వేమన ఫాంట్లు కూడా డెబియన్‌లో ప్యాకేజీలుగానే దొరుకుతాయి. నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఆ ఫాంట్ల ప్యాకేజీతోనే మొదలుపెట్టమని చెబుతాను. అందులో పోర్టులూ సర్వర్లూ లేవు, ప్రమాదం లేదు. పెట్టండి. ఏయే ఫైళ్లు వచ్చాయో 'డీపీకేజీ' ఆజ్ఞ పక్కన ఒక అడ్డగీత, పెద్ద ఎల్ అక్షరం, ప్యాకేజీ పేరు కొట్టి చూడండి. ఒక తెలుగు పేజీని ఆ ఫాంటులో చదవండి. తర్వాత తీసేసి అదే పేజీ మళ్లీ తెరవండి, ఇంకో తెలుగు ఫాంటు ఉంటే అక్షరాలు దానిలోకి మారిపోతాయి. అది చూశాక ట్రాన్స్‌మిషన్‌కు వెళ్లండి.